చిప్పు వేయించారు సరే, ఆ నంబరు ఎవరి పేరున ఉంది?

దసరా సెలవులు మొదలైన నాటి నుంచి దీపావళి వెళ్లే వరకు, తప్పిపోయిన కుక్కల గురించి నాకు వచ్చే ఫోన్లు మిగతా ఏడాదిలో వచ్చే వాటికంటే ఎక్కువగా ఉంటాయి. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లోనూ అదే బెంగ కనిపించింది. అందువల్ల గుర్తింపు కోసం పెంపుడు జంతువుల ఒంట్లో వేసే చిప్పు గురించి అడిగిన ఉత్తరాలను ఏరి, ఈసారి శీర్షిక మొత్తం వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా లాబ్రడార్ నిరుడు దీపావళి రాత్రి పటాకుల చప్పుడుకు బెదిరి గోడ దూకి పారిపోయింది. రెండు రోజుల తరువాత వడ్డేపల్లి చెరువు కట్ట మీద కనిపించింది. చిప్పు వేయిస్తే అది ఎక్కడున్నా ఫోనులో చూసుకోవచ్చని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా? — ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, మీ కుక్క క్షేమంగా దొరికినందుకు సంతోషం. అయితే మీ అబ్బాయి అనుకుంటున్నది చిప్పు చేసే పని కాదు. దానిలో బ్యాటరీ ఉండదు, ఉపగ్రహాలతో దానికి సంబంధం లేదు, కుక్క ఎక్కడ తిరుగుతున్నదో అది ఎవరికీ చెప్పలేదు. బియ్యపు గింజ కంటే కాస్త పెద్దదైన గాజు గొట్టంలో, అంటే సుమారు 12 మిల్లీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న దానిలో, సన్నని తీగ చుట్ట ఒకటి, 15 అంకెల సంఖ్య నిక్షిప్తమైన చిన్న ఎలక్ట్రానిక్ ముక్క ఒకటి ఉంటాయి. రీడరు అనే చేతి పరికరాన్ని దగ్గరకు తెచ్చినప్పుడు, ఆ రీడరు నుంచి వెలువడే రేడియో తరంగాల శక్తినే తీసుకుని చిప్పు తన సంఖ్యను తిరిగి పంపుతుంది. ఆ ఒక్క క్షణం తప్ప మిగిలిన కాలమంతా అది నిద్రలోనే ఉంటుంది.

మీరు కారులో హైదరాబాదు వెళ్లేటప్పుడు కోమల్ల టోల్ గేటు దగ్గర అద్దం మీది ఫాస్టాగ్ పనిచేసేది కూడా ఇదే పద్ధతిలో. ఆ స్టిక్కరులో బ్యాటరీ లేదు, గేటు మీది యంత్రం పలకరిస్తేనే అది పలుకుతుంది. కాకపోతే ఫాస్టాగ్ కొన్ని మీటర్ల దూరం నుంచి పలుకుతుంది. కుక్కకు వేసే చిప్పు 134.2 కిలోహెర్ట్జ్ అనే చాలా తక్కువ పౌనఃపున్యంలో పనిచేస్తుంది కనుక, రీడరును జానెడు లోపు, ఇంకా చెప్పాలంటే వెంట్రుకలకు తగిలేంత దగ్గరగా పెట్టాలి. కాబట్టి చెరువు కట్ట మీద తిరుగుతున్న కుక్కను చిప్పు ఇంటికి తీసుకురాదు. ఎవరో ఒకరు జాలిపడి దానిని రీడరు ఉన్న పశువైద్యుని దగ్గరకు తీసుకువెళ్తే, అప్పుడు అది మీ కుక్కేనని చెబుతుంది.

ఎక్కడున్నదో ఫోనులో చూడాలంటే జీపీఎస్ ఉన్న మెడపట్టీ కావాలి. దానికి ఛార్జింగ్ పెట్టాలి, సిగ్నల్ ఉండాలి, గోడ దూకేటప్పుడు అది ఊడిపోకుండా ఉండాలి. నా మాటగా ఒకటి చెబుతాను. కట్ట మీద మిర్చి బజ్జీలు వేసే మనిషి దగ్గర రీడరు ఉండదు, ఫోను ఉంటుంది. మెడపట్టీకి వేలాడే రేకు బిళ్ల మీద మీ ఫోన్ నంబరు చెక్కించి ఉంటే, మీ కుక్క ఆ రెండు రోజులు బయట ఉండవలసి వచ్చేది కాదు. చిప్పు తప్పకుండా వేయించండి, కాని బిళ్లను మానకండి. పట్టీ ఊడిపోయిన రోజున పనికి వచ్చేది చిప్పు. పట్టీ ఉన్నంత కాలం ముందుగా పనికి వచ్చేది బిళ్లే. ఈ దీపావళికి చీకటి పడకముందే కుక్కను బయట తిప్పి తెచ్చి, కిటికీలు మూసిన లోపలి గదిలో ఉంచండి.

ప్రశ్న: మేము బీగిల్ పిల్లను కొన్నప్పుడు చిప్పు వేసే ఉందని చెప్పి, బార్ కోడ్ ఉన్న చిన్న స్టిక్కరు ఇచ్చారు. దానిని బీరువాలో దాచాము. ఇంకా ఏమైనా చేయవలసి ఉందా? — ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: ఉంది. ఇతర ఉత్తరాలు రాసినవారు కూడా ఈ జవాబును చదవాలని నా కోరిక, ఎందుకంటే చిప్పు విషయంలో జరిగే నష్టాల్లో ఎక్కువ భాగం ఇక్కడే జరుగుతుంది.

రెండేళ్ల కిందట వానాకాలంలో ఒక ఆటో డ్రైవరు కాజీపేట స్టేషను బయట దొరికిన పమేరియన్‌ను గోనెసంచిలో చుట్టి నా దగ్గరకు తీసుకువచ్చాడు. ఒళ్లంతా తడిసి వణుకుతున్నది, మెడ మీద పట్టీ ఒరిసిన గుర్తు మాత్రం ఉన్నది. రీడరును భుజాల మధ్య ఆనించగానే బీప్ మని తెర మీద 15 అంకెలు వచ్చాయి. నేను, ఆటో డ్రైవరు ఇద్దరమూ పని అయిపోయిందనే అనుకున్నాము. ఆ సంఖ్యతో వివరాలు వెతికితే యజమాని పేరు ఉండవలసిన చోట కుక్కపిల్లను అమ్మిన దుకాణం పేరు, దాని ఫోన్ నంబరు ఉన్నాయి. దుకాణం మూతపడింది, నంబరు పనిచేయడం లేదు. ఆ కుక్క నా దగ్గర 11 రోజులు ఉన్నది. చివరకు వాట్సాప్‌లో తిరుగుతున్న ఫొటో చూసి మడికొండ నుంచి ఒక కుటుంబం వచ్చింది. ఆ ఇంటి పాప గుమ్మం బయటి నుంచే పేరు పెట్టి పిలవగానే, అంతవరకు మూలన ముడుచుకుని ఉన్న కుక్క గిన్నెను తన్నుకుంటూ పరుగెత్తింది. చిప్పు స్టిక్కరు వారి దగ్గర భద్రంగానే ఉన్నది, మీలాగే బీరువాలో. స్టేషను నుంచి వారి ఇల్లు ఎంతో దూరం కాదు. చిప్పు తన పని తాను చేసింది, ఆ సంఖ్య పక్కన వారి పేరు లేకపోవడం వల్లనే 11 రోజులు పట్టింది.

చిప్పులో మీ పేరు ఉండదు, ఫోన్ నంబరు ఉండదు, టీకాల వివరాలు ఉండవు. ఉండేది సంఖ్య ఒక్కటే. ఆ సంఖ్యను మీతో ముడిపెట్టేది నమోదు. మన దేశంలో కుక్కలన్నిటి వివరాలు దొరికే ఒకే పుస్తకం లేదు. చిప్పులు అమ్మే సంస్థలు, కెన్నెల్ క్లబ్, కొన్ని నగరపాలక సంస్థలు ఎవరి జాబితా వారు నడుపుతున్నారు. అందువల్ల మీరు ముందుగా అమ్మినవారిని అడిగి మీ కుక్క సంఖ్య ఏ జాబితాలో ఉన్నదో తెలుసుకోండి. తరువాత దానిని మీ పేరు మీదికి మార్పించి, ఆ మార్పు జరిగినట్టు రాతపూర్వకంగా తీసుకోండి. కుక్కల పెంపకం, అమ్మకాలపై కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన నిబంధనలు పెంపకందార్లు చిప్పు వేయాలని, రికార్డులు ఉంచాలని చెబుతున్నాయి, కనుక ఈ వివరం అడగడానికి మొహమాటపడవలసిన పని లేదు.

అంతకంటే ముందు చేయవలసినది ఇంకొకటి ఉంది. దగ్గరలోని పశువైద్యుని వద్ద కుక్కను రీడరుతో చదివించి, తెర మీది అంకెలను స్టిక్కరు మీది అంకెలతో ఒక్కొక్కటిగా సరిచూడండి. స్టిక్కరు ఒకటి, ఒంట్లో ఉన్నది ఇంకొకటి అయిన సందర్భాలను నేను చూశాను. ఒకే ఈతలోని పిల్లలకు వరుసగా చిప్పులు వేసేటప్పుడు స్టిక్కర్లు తారుమారు కావడం పెద్ద వింత కాదు. సంఖ్యలో మొదటి మూడు అంకెలు దేశం కోడ్ గాని, తయారీదారు కోడ్ గాని అవుతాయి. 356 అని ఉంటే భారతదేశం, 9తో మొదలైతే సాధారణంగా తయారీదారుది. ఈ రెండింటిలో ఏదైనా చెల్లుతుంది. సంఖ్య 15 అంకెలకు తక్కువగా ఉంటే మాత్రం అది పాత రకం చిప్పు కావచ్చు, దానిని అన్ని రీడర్లూ చదవలేవు.

నమోదులో రెండు ఫోన్ నంబర్లు ఇవ్వండి, రెండవది మీ ఇంట్లో ఉండనివారిదైతే మేలు, ఎందుకంటే కుక్కలు తరచుగా తప్పిపోయేది మీరు ఊరికి వెళ్లినప్పుడే. సిమ్ మారినా, ఇల్లు మారినా ఆ వారంలోనే జాబితాలో మార్పించండి. ఏటా టీకాకు వెళ్లినప్పుడు చిప్పును కూడా ఒకసారి చదవమని అడగండి. అర నిమిషం పని. స్టిక్కరును బీరువాలో నుంచి తీసి టీకాల పుస్తకం మొదటి పేజీలో అంటించి, ఆ పేజీని ఫొటో తీసి ఫోనులో ఉంచుకోండి.

ప్రశ్న: మా పిల్లికి చిప్పు వేయించాలని ఉంది, కాని సూది చాలా లావుగా ఉంటుందని, తరువాత గడ్డలు వస్తాయని విని భయపడుతున్నాము. — ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: సూది టీకా సూది కంటే లావుగా ఉంటుందన్నది నిజమే, గాజు గొట్టం అందులో నుంచి దిగాలి కదా. కాని పని జరిగేది చర్మం కింద, కండలో కాదు. పిల్లిని బల్ల మీద కూర్చోబెట్టి, ఒకరు దానికి ఇష్టమైన తిండిని ముక్కు ముందు పట్టుకుంటే, మేము రెండు భుజాల మధ్య వదులుగా ఉండే చర్మాన్ని గుడారంలా పైకి లాగి, ఆ మడతలోకి సూదిని దించి చిప్పును వదులుతాము. మత్తు అవసరం లేదు. సూది తీశాక అక్కడ కొద్ది క్షణాలు వేలితో నొక్కి పట్టుకుంటాము, ఒక రక్తపు బొట్టు కనిపించవచ్చు. వేయకముందు ప్యాకెట్టులో ఉండగానే చిప్పును ఒకసారి, వేసిన తరువాత ఒంట్లో మరొకసారి చదవాలి. మీ వైద్యుడు ఈ రెండు సార్లు చదవకపోతే, చదవమని మర్యాదగా అడగండి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించే ఆలోచన ఉంటే, ఆ మత్తులోనే చిప్పు కూడా వేయించండి, పిల్లికి తెలియను కూడా తెలియదు.

గడ్డల భయం ప్రయోగశాల ఎలుకల్లో చిప్పు చుట్టూ కణితులు కనిపించిన అధ్యయనాల నుంచి వచ్చింది. కుక్కల్లో, పిల్లుల్లో అలాంటివి ప్రపంచం మొత్తం మీద అతి అరుదుగా మాత్రమే నమోదయ్యాయి. ఇంగ్లండ్‌లో 2016 నుంచి కుక్కలకు, 2024 నుంచి పిల్లులకు చిప్పు తప్పనిసరి చేశారు. మామూలుగా వచ్చే ఇబ్బంది చిప్పు పక్కకు జారడం. చుట్టూ కణజాలం అల్లుకుని అది స్థిరపడే వరకు, తొలి రోజుల్లో ఆ చోటును నలపకండి. పిల్లికి మెడపట్టీ కడితే, చెట్టు కొమ్మకో కిటికీ చువ్వకో తగులుకున్నప్పుడు దానంతట అదే విడిపోయే రకాన్ని మాత్రమే కట్టండి. మామూలు పట్టీతో ఉరి పడిన పిల్లిని చూసిన తరువాత నేను ఈ మాట ప్రతి ఇంటికీ చెబుతున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో ఉంటుంది. వచ్చే ఏడాది మేమిద్దరమూ తన దగ్గరకు వెళ్లిపోతున్నాము. తొమ్మిదేళ్ల మా కుక్కను వదిలి వెళ్లలేము. ప్రతి సంవత్సరం రేబిస్ టీకా వేయించాము, చిప్పు మాత్రం లేదు. వెళ్లే ముందు వేయిస్తే సరిపోతుందా? — విశ్రాంత ఉపాధ్యాయ దంపతులు, నక్కలగుట్ట

జవాబు: సరిపోదు, వెంటనే మొదలుపెట్టండి. ఇక్కడ వరుస ముఖ్యం. అమెరికా 2024 ఆగస్టు 1 నుంచి అమలు చేస్తున్న నిబంధనల ప్రకారం కుక్క వయస్సు కనీసం 6 నెలలు ఉండాలి, అంతర్జాతీయ ప్రమాణానికి సరిపోయే రీడరు చదవగల చిప్పు ఉండాలి, రేబిస్ టీకా ఆ చిప్పు వేసిన తరువాత వేసినదై ఉండాలి. కుక్కల ద్వారా రేబిస్ సోకే ముప్పు ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో మనది ఉంది కనుక అదనపు షరతులు కూడా వర్తిస్తాయి. మీరు ఇన్నేళ్లు శ్రద్ధగా వేయించిన టీకాలు మీ కుక్క ప్రాణానికి రక్షణే, కాని కాగితం మీద అవి ఫలానా కుక్కకు వేసినవని రుజువు చేసే సంఖ్య లేదు. అందుకే ముందు చిప్పు, తరువాత కొత్తగా టీకా.

ఆ టీకా పడిన 30 రోజులకు గాని, ఆ తరువాత గాని రక్తం తీసి, రేబిస్‌ను ఎదుర్కొనే ప్రతిరక్షకాలు ఎంత ఉన్నాయో కొలిచే పరీక్షకు అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ ఆమోదించిన ప్రయోగశాలకు పంపాలి. రక్తం తీసిన రోజుకూ అక్కడ దిగే రోజుకూ మధ్య కనీసం 28 రోజులు ఉండాలి. ఈ పరీక్ష లేకుండా వెళ్తే అక్కడ 28 రోజులు క్వారంటైన్‌లో ఉంచుతారు, ఆ ఖర్చు మీదే. పరీక్ష ఉన్నా సరే, సీడీసీ గుర్తించిన జంతు సంరక్షణ కేంద్రంలో ముందుగా స్థలం తీసుకుని, అలాంటి కేంద్రం ఉన్న విమానాశ్రయంలోనే దిగాలి. అక్కడ కుక్కను పరీక్షించి మళ్లీ టీకా వేస్తారు. కాబట్టి మీ అమ్మాయి ఊరికి నేరుగా వెళ్లే టికెట్లు ఇప్పుడే కొనకండి. టీకా, చిప్పు వివరాల పత్రంపై ప్రభుత్వ పశువైద్యాధికారి ధ్రువీకరణ కావాలి. కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్ విభాగానికి హైదరాబాదులో కార్యాలయం ఉంది, ముందు వారిని సంప్రదించండి. లెక్కకు రెండు నెలలే కనిపించినా, నమూనా పంపడానికి, ఫలితం రావడానికి, కాగితాలకు కలిపి నాలుగు నెలలు చేతిలో ఉంచుకోమని నా సలహా. నిబంధనలు మారుతూ ఉంటాయి కనుక టికెట్లకు ముందు సీడీసీ ప్రకటనను మీ అమ్మాయి చేత మరొకసారి చదివించండి.

తొమ్మిదేళ్లంటే కుక్కకు పెద్ద వయస్సే. రక్తం తీసే రోజునే గుండె, మూత్రపిండాల పరీక్షలు కూడా చేయించి, అంత దూరం ప్రయాణం అది తట్టుకోగలదో లేదో మీ వైద్యుని నోటి నుంచి వినండి.

ప్రశ్న: మా పాడిబర్రె చెవికి వేసిన పసుపు ట్యాగు కంచెకు తగిలి ఊడిపోయింది. దాని మీద బీమా ఉంది. ట్యాగు బదులు కుక్కలకు వేసే చిప్పు వేయిస్తే పోదు కదా? — ఒక రైతు, పరకాల మండలం

జవాబు: మీ ఆలోచనలో తర్కం ఉంది, కాని ఇప్పుడు మీకు కావలసింది ట్యాగే. ఆ 12 అంకెల సంఖ్యను పశు ఆధార్ అంటున్నారు. గాలికుంటు టీకా, కృత్రిమ గర్భధారణ, యజమాని వివరాలు అన్నీ భారత్ పశుధన్ అనే ప్రభుత్వ జాబితాలో ఆ సంఖ్య మీదనే ఉంటాయి. మన ఊరి పశువైద్య సిబ్బంది చదివేదీ, బీమా సంస్థ అడిగేదీ అదే. చర్మం కింద వేసే గాజు గొట్టం మాంసానికి వెళ్లే పశువుల్లో మాంసంతో పాటు పోయే ప్రమాదం ఉంది, పశువులకు చెవినే ఎంచుకోవడానికి అదొక కారణం.

ట్యాగు లేని పశువు చనిపోతే బీమా క్లెయిము నిలబడదు. కాబట్టి పాడి పనులు ఎన్ని ఉన్నా, ఊడిన ట్యాగును పట్టుకుని రేపు ఉదయమే మీ పశువైద్యశాలకు వెళ్లండి. కొత్త ట్యాగు వేయించి, ఆ కొత్త సంఖ్యను పాత వివరాలకు జోడించారో లేదో చూసుకోండి, బీమా సంస్థకు అదే రోజు రాతపూర్వకంగా తెలియజేయండి. కొత్త ట్యాగు కనిపించేలా బర్రె ముఖాన్ని, పక్క నుంచి మీరు నిలబడి ఉండగా మొత్తం శరీరాన్ని ఫొటోలు తీయించి ఉంచండి. చిరిగిన చెవికి ఈగలు వాలకుండా మందు అడిగి తెచ్చుకోండి, పుండు మానే వరకు ట్యాగును రెండో చెవికి వేయించడం మంచిది.

ప్రశ్న: ఆరు నెలల కిందట పోయిన మా కుక్క వేరొకరి ఇంట్లో కనిపించింది. వారు తమదే అంటున్నారు. చిప్పు ఉంటే అది మాదని తేలిపోతుందా? — ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: చిప్పు భూమి పట్టా వంటిది కాదు, కాని బలమైన సాక్ష్యం. ఆ సంఖ్య మీ పేరున నమోదై ఉండి, అదే సంఖ్య మీ టీకాల పుస్తకంలో పాత తేదీలతో కనిపిస్తే, దానికి ఎదురుగా వారు చూపడానికి ఏమీ ఉండదు. కొన్న రసీదు, చిన్నప్పటి ఫొటోలు జత చేయండి. కుక్క చట్టం దృష్టిలో చరాస్తి, వేరొకరిదని తెలిసి దాచుకుంటే పోలీసులకు ఫిర్యాదు ఇవ్వవచ్చు. అయితే మీరు నేరుగా వారి ఇంటికి రీడరుతో వెళ్లకండి. పోలీసుల సమక్షంలో పశువైద్యుడు చదివి, సంఖ్యను రాసి సంతకం చేస్తే ఆ కాగితం నిలుస్తుంది. వారు కూడా ఆ కుక్కను వీధిలో దొరికిందనే తెచ్చుకుని ప్రేమగా పెంచి ఉండవచ్చు. ముందు ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని మాట్లాడి చూడండి.

ప్రశ్న: మా హాస్టల్ గేటు దగ్గరకు మూడు రోజులుగా ఒక జాతి కుక్క వస్తున్నది. మెడపట్టీ లేదు. దాని ఇంటివారిని ఎలా కనుక్కోవాలి? — ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: ముందు దూరం నుంచే దాని చెవులు చూడమ్మా. చెవి కొసన కోత ఉంటే, అది ఆపరేషన్ చేసి వదిలిన వీధి కుక్క అయి ఉండవచ్చు. జబ్బుగా గాని, తిక్కగా గాని ప్రవర్తిస్తుంటే ముట్టుకోకండి. ఒకవేళ కరిచినా గీరినా వెంటనే 15 నిమిషాల పాటు సబ్బుతో, ధారగా పడే నీటితో కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోండి. నెమ్మదిగా ఉంటే తాడు వేసి, రీడరు ఉందని ముందే ఫోనులో తెలుసుకున్న పశువైద్యశాలకు తీసుకువెళ్లండి. భుజాల మధ్య బీప్ రాలేదని అక్కడితో ఆపవద్దని చెప్పండి. చిప్పు జారి భుజం పక్కకో, ముందు కాలి మోచేతి దాకానో దిగి ఉండవచ్చు. రీడరును ఒంటికి ఆనించి, మెల్లగా అటూ ఇటూ వంకర గీతలో మెడ నుంచి నడుము వరకు, రెండు పక్కలా, రెండు సార్లు తిప్పాలి. ఇనుప బల్ల మీద గాక నేల మీద నిలబెట్టి, ఇనుప గొలుసు ఉంటే తీసి చదివితే సంఖ్య తేలికగా దొరుకుతుంది.

సంఖ్య దొరికి, ఇంటివారి ఫోను కలవకపోతే, కుక్క ఫొటోను మీ కాలేజీ గ్రూపుల్లో, చుట్టుపక్కల కాలనీల గ్రూపుల్లో పెట్టండి. చిప్పు సంఖ్యను మాత్రం పెట్టకండి. మాదేనంటూ ఎవరైనా వస్తే, వారి టీకాల పుస్తకం తెరిపించి, చివరి నాలుగు అంకెలు వారినే చదవమనండి.